ఆమె చుట్టిన బీడీలు

మా కోరుట్లలో ఆడవాళ్లు తలదాచుకునే ఒక ఇల్లు ఉంది. అది నా కనుసన్నల్లో నడుస్తోందని నేను చాలామందికి చెప్పాను. బస్టాండులో చెప్పాను, మంగలి దుకాణంలో చెప్పాను, దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన మా వాడ పిల్లలకూ చెప్పాను. నేను గేటు దగ్గర దగ్గితే చాలు లోపల అందరూ లేచి నిలబడతారని, నా సంతకం పడనిదే అక్కడ పొయ్యి వెలగదని. ఇందులో దగ్గు ఒక్కటే నిజం. దుమ్ము పడక నాకు పొద్దంతా దగ్గే.

అసలు సంగతి చిన్నది. భర్తల చేతుల్లో దెబ్బలు తిని బయటపడ్డ ఆడవాళ్లు కొన్నాళ్లు ఉండడానికి ఒక సంస్థ ఆ ఇల్లు నడుపుతోంది. ఇల్లు మాత్రం మున్సిపాలిటీది. ఇచ్చిన ఇల్లు ఎట్లా నడుస్తోందో కౌన్సిల్ చూసుకోవాలి కదా అని నెలకోసారి వెళ్లి చూసి రావడానికి ముగ్గురిని వేశారు: ఒక కౌన్సిలరమ్మ, మున్సిపల్ ఆఫీసులో మహిళా సంఘాల పని చూసే ఉద్యోగిని, కో-ఆప్షన్ సభ్యుడినైన నేను. మా కౌన్సిలరమ్మకు బదులు ప్రతి మీటింగులోనూ ఆమె భర్తే కూర్చునేవాడు. ఈ ఇంట్లోకి మగ బంధువులు రాకూడదన్నారు గనుక ఆమె మొదటిసారిగా తన పదవిలోకి తన కాళ్లతో నడిచి వచ్చింది.

మరి నన్నెందుకు రానిచ్చారు? ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు తూకం దగ్గర పనిచేసిన మనిషి, మోసాన్ని ఆమడ దూరం నుంచి పట్టే కన్ను, అందుకే ఏరికోరి వేసుకున్నారు అని చెప్పుకున్నాను. నిజానికి కౌన్సిల్లో అందరికంటే ముసలివాణ్ని నేనే. "గా తాతనైతే తియ్" అని ఆ ఇల్లు నడిపే మేడం ఒప్పుకుందట.

మొదటి రోజే ఆ మేడం మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టి చెప్పేసింది.

"నల్లా చూడుండ్రి, బాత్రూం గొళ్లెం చూడుండ్రి, బియ్యం చూడుండ్రి, వండింది తిని చూడుండ్రి. మనుషుల జోలికి పోవద్దు. పేరడగొద్దు, ఊరడగొద్దు. గీ ఇల్లు ఏ గల్లీల ఉన్నదో ఇంట్ల సుత చెప్పద్దు. ఏదీ లోపటికి తేవద్దు, ఏదీ బయటికి కొంటవోవద్దు. మాట గూడ."

"మాట గూడ" అన్నప్పుడు నా వైపే చూసింది. నా సంగతి ఆమెకు ముందే ఎవరో చెప్పినట్టున్నారు.

గల్లీ పేరు మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు. అది బుద్ధి కాదు. చెబితే ఎవరైనా వచ్చి చూస్తారు, నేను దగ్గినప్పుడు ఎవరూ లేచి నిలబడరని తెలిసిపోతుంది.

అక్కడ ముప్పై ఏళ్లుండే ఒకామె ఎవరు మాట్లాడినా తల పక్కకు తిప్పి, ఎటో చూస్తూ వినేది. పొగరనుకున్నాను. ఒకసారి నేను బాత్రూం గొళ్లెం లాగి చూస్తుంటే ఏదో అడిగింది, నేను జవాబు చెప్పాను, మళ్లీ తల తిప్పింది. "ఇటు చూసి మాట్లాడు బిడ్డా" అన్నాను.

"ఎడమ చెవు ఇనవడది బాపు. సాంచాల చప్పుడుకు మా తాన అందరికి పోతదంటరు. నాది సాంచాతోని పోలె."

అంతే అంది. మరమగ్గాన్ని సాంచా అనేది ఎక్కడో మా అందరికీ తెలుసు. అడక్కుండానే ఆమె ఊరు నాకు తెలిసిపోయింది. సిరిసిల్ల.

ఇంకో మాట కూడా అంది. "బాపూ, చేతులు ఊకె ఉంటున్నయ్. చిన్నప్పటి సంది బీడీలు చేసిన. పొద్దంత గోడను చూసుకుంట కూసుంటె ఆయనే యాదికస్తుండు. ఇంత ఆకు, ఇంత తంబాకు తెచ్చియ్యరాదు?"

ఆ బిడ్డ ముఖం చూసి నా గుండె కరిగి నీరైందని తరువాత చెప్పుకున్నాను. కరిగిన మాట నిజమే, కానీ దానికంటే ముందు నాకు గుర్తొచ్చింది నా భార్య బీడీ కార్డు. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆమె బీడీలు చేస్తూనే ఉంది; ఆకు, తంబాకు, కూలి, రేపటి పెన్షను అన్నీ ఆ కార్డు మీదే. ఈ మధ్య వేళ్లు తిమ్మిరెక్కి పట్టు తప్పాయి. బీడీలు ఇవ్వకపోతే కార్డు తీసేస్తామని కార్ఖానాలో చెప్పేశారు. ఇక్కడ ఊరికే ఉన్న చేతులు, అక్కడ ఊరికే ఉన్న కార్డు. జాలి ఆ తరువాత వచ్చింది. రావడం వెనక వచ్చినా ముందు వరుసలో కూర్చుంది.

ఇంటికి వచ్చి చెబితే నా భార్య చాట పక్కకు పెట్టి నన్ను కిందికీ మీదికీ చూసింది.

"చూసి రమ్మని తోలిరి నిన్ను. నువ్వు గా ఇంట్ల కార్ఖానా వెడుతవా?"

"కూలి అంత ఆమెకే ఇస్త. మనం ఒక్క పైస ముట్టం."

"కార్డు బతికేది నాదేనాయె. గా ముచ్చట ముందుగాల చెప్పు."

అంటూనే డబ్బాలో తంబాకు పోసింది. ఆమెకూ కార్డు కావాలి.

అట్లా మొదలైంది. సంచిలో అడుగున తునికాకు, తంబాకు. మీద ఒక పాత పానా. నెలనెలా ముగ్గురం పోయేది కాక, నల్లా కారుతోందని చెప్పి మధ్యలో నేనొక్కణ్నే లోపలికి వెళ్లేవాణ్ని. గేటు దగ్గర కాపలా ఉండే ఆమె కొన్నాళ్లు ఊరుకుంది.

"ఏంది తాతా, కోరుట్ల మొత్తంల గీ నల్లా ఒక్కటే ఉన్నదా?"

"వాచర్ పోయింది."

"మల్లనా? సంచి నుంచి తంబాకు వాసనస్తున్నదేంది?"

"బీడీ తాగుత గద."

నేను పుట్టి బుద్ధెరిగి బీడీ ముట్టలేదు. ఆ నాలుగు గోడల మధ్య తప్పులు పట్టడానికి కౌన్సిల్ వేసిన మనిషిని నేను. ఆ ఇంటి కట్టుబాటు తప్పింది కూడా నేనొక్కణ్నే.

ఆమె చేసిన బీడీలు చూస్తే ముచ్చటేసేది. ఒక్కటీ బొద్దుగా ఉండదు, ఒక్కటీ సన్నంగా ఉండదు. కట్ట పట్టుకుంటే అచ్చుపోసినట్టుండేది. కూలి తీసుకుపోయి ఇస్తే కొంగున ముడేసుకుని, మొదటిసారి నా ముఖంలోకి చూసి నవ్వింది. నేను గొప్ప పని చేస్తున్నాననే అనుకున్నాను.

ఒకనాడు కార్ఖానాలో వరుసలో నిలబడి ఉన్నాను. బీడీలు ఏరి, బాగా లేనివి తీసి పారేసే పనిని చాటన్ అంటారు. చాటన్ చేసే అతను కొత్తవాడు, సిరిసిల్లలో పని వదిలి ఈమధ్యే వచ్చాడు. నా కట్ట విప్పి, నాలుగు బీడీలు వేళ్ల మధ్య దొర్లించి, కళ్లద్దాల మీది నుంచి నన్ను చూశాడు.

"కాకా, ఇవ్వి మీ ఇంటామెయి కావు."

"ఎందుకు గావు? డాక్టర్ సూదులిచ్చిండు. వేళ్లు మంచిగైనయ్."

"వేళ్లు మంచిగైతయ్ గని చెయ్యి మారుతదా? ఆమె పాత బీడీలు ఇప్పటికీ గాడ బుట్టల ఉన్నయ్. ఆమె మూతి గుద్దినట్టు మలుస్తది. గిది చూడు, మొగ్గ ముడిసినట్టున్నది. దారం కొస ఎన్కకు మలిపి బిగించింది. సిరిసిల్లల ఉన్నప్పుడు గీ చెయ్యి రోజు నా ముందటికి అచ్చేది." అని పెద్దగా నవ్వాడు. "ఏం కాకా, గీ వయసుల సిరిసిల్ల నుంచి ఎవలనన్న తెచ్చుకున్నవా ఏంది?"

వరుసలో ఉన్న ఆడవాళ్లంతా నవ్వారు. అందరికంటే ఎక్కువ నేనే నవ్వాను. నవ్వుతూ ఇంటికి వచ్చాను. గడప దాటాక తలుపు గొళ్లెం పెట్టాను.

అతను చెడ్డవాడు కాదు. చెయ్యి గుర్తుపట్టానన్న సంబరంలో ఉన్నాడు. ఆ సంబరాన్ని ఎక్కడ పంచుకుంటాడో నాకు తెలుసు. నేనైనా అదే చేస్తాను. సిరిసిల్లకు పోయినప్పుడు, ఏ పెళ్లి భోజనం దగ్గరో, "మీ ఇంటామె కోరుట్లల చేస్తున్నదా?" అని అడుగుతాడు. అంతే చాలు.

ఆ రోజే వెళ్లి మేడంకు చెప్పాల్సింది. చెప్పలేదు. చెబితే కమిటీ పోతుంది, కార్డు పోతుంది, బస్టాండులో నా మాట పోతుంది. ఆకు తీసుకుపోవడం మానేశాను, దాంతో అయిపోయిందనుకున్నాను. తరువాతి నెల ముగ్గురం చూడ్డానికి వెళ్లినప్పుడు ఆమె వంటగది తలుపు పక్కన నిలబడి ఉంది. ఆకు ఏది బాపూ అని కళ్లతోనే అడిగింది. నేను బియ్యం బస్తాలో చెయ్యి పెట్టి పురుగులు చూస్తున్నట్టు నటించాను.

నేను భయపడ్డ ఆ మనిషి మిట్టమధ్యాహ్నం వచ్చాడు.

అతను వచ్చినప్పుడు నేను మీసం మెలేసి, "ఎవడ్రా నువ్వు?" అని గద్దించానని ఆ తరువాత మంగలి దుకాణంలో చెప్పాను. మంగలి నవ్వాడు. వారానికోసారి నా మూతి గీసేది అతనే.

జరిగింది ఇది. నేను అరుగు మీద ఉన్నాను. నా భార్య గడప లోపల చాట ముందు కూర్చుని, కార్డు నిలుపుకోవడానికి ఆ వేళ్లతోనే అవస్థ పడుతోంది. గల్లీ మొదట్లో పాన్ డబ్బా దగ్గర బైకు ఆగింది. తెల్ల చొక్కా, నున్నగా దువ్విన జుట్టు. చెప్పులు విప్పి, రెండూ పక్కపక్కన సర్ది పెట్టి అరుగెక్కాడు.

"నమస్తే కాకా. ఇంత మంచినీళ్లు దొరుకుతయా?"

గ్లాసు పెదవులకు తగలకుండా ఎత్తి తాగాడు. కడిగి ఇచ్చాడు. ఇంత మర్యాదస్థుణ్ని చూసి ఎన్నాళ్లయిందో అనిపించింది. సిరిసిల్ల నుంచి వచ్చానన్నాడు. సాంచాలు నడుపుతానన్నాడు.

"గీ ఇంట్ల బీడీలు ఎవలు చేస్తరు కాకా?"

జన్మంతా అబద్ధాలాడిన నాలుక, ఒక్క అబద్ధం అవసరమైన పూట అంగిట్లో అతుక్కుపోయింది.

"నేను గాక ఎవలు చేస్తరు కొడుకా?" లోపలి నుంచి నా భార్య.

"మంచిది పెద్దమ్మా. చెయ్యి, చూస్త. మా ఇంటామె గూడ మంచిగ చేస్తుండె."

గడపకు ఇవతల గొంతుక్కూర్చున్నాడు. నా భార్య చాట ఒళ్లోకి లాక్కుంది. ఆకు తీసింది. తంబాకు పోసింది. సగం ఒలికింది. చుట్టబోతే ఆకు చిరిగింది.

"గీసారి ఆకు పాడుగాను. అన్ని పొక్కలే ఇచ్చిండ్రు."

రెండో ఆకు తీసింది. వేళ్లు వణుకుతున్నాయి. అది తిమ్మిరో భయమో నాకే తెలియలేదు, అతనికి ఎట్లా తెలుస్తుంది అని నన్ను నేను సముదాయించుకున్నాను. ఎట్లాగో చుట్టింది. మూతి మలిచింది. దారం పంటితో తెంపింది.

"ఇగో" అని అతని చేతికిచ్చింది.

అతను దాన్ని అరచేతిలో పెట్టుకున్నాడు. చొక్కా జేబులోంచి ఇంకో బీడీ తీసి దాని పక్కన పెట్టాడు. చాటన్ అతను ఇచ్చి ఉంటాడు. రెంటినీ చాలాసేపు చూశాడు.

"రెండు ఒక్క చేతియేనా పెద్దమ్మా?"

"పొద్దుగాల చేసింది ఒక తీరుంటది, చేతులు గుంజంగ చేసింది ఒక తీరుంటది. నా ఈడుకు రా, నీకే ఎర్కైతది."

అతను నవ్వాడు. కోపం లేదు ఆ నవ్వులో. అందుకే నాకు ఎక్కువ భయమేసింది.

"నేనేమన కాకా ఆమెను. ఇంటికి తోల్కవోత, అంతే. నేను ఒక్కటే కొట్టిన. చెప్తుంటె ఇంటలేదని కొట్టిన." రెండు బీడీలూ జేబులో వేసుకున్నాడు. "మీరు మున్సిపల్ల మెంబరట గద. గా ఆడోళ్ల ఇల్లు మీ కనుసన్నల్లనే నడుస్తదట. బస్టాండ్ల చెప్పిండ్రు. నెలకోపారి పోతరట. ఈసారి పోయేటప్పుడు నేను గూడ మీ ఎన్క అస్త."

చెప్పులు వేసుకున్నాడు. బైకు దగ్గరికి పోయాడు గానీ ఎక్కలేదు. పాన్ డబ్బా నీడలో నిలబడి మా తలుపు వైపు చూస్తూ ఉన్నాడు.

ఇప్పుడు నేను ఆ ఇంటికి పోలేను. పోతే దారి చూపించినట్టే. మేడం నంబరు మాకు ఇవ్వలేదు. కౌన్సిలరమ్మకు ఫోన్ చేస్తే ఆమె భర్త ఎత్తి "ఆ, చెప్పే" అన్నాడు, పెట్టేశాను. ఉద్యోగిని ఎత్తలేదు, ఆమె జగిత్యాల జిల్లా ఆఫీసులో మీటింగులో ఉంది. ఏం చేయాలో తెలియక సంచి పట్టుకుని లేచాను. నా భార్య నా చెయ్యి పట్టుకుంది. వేళ్లల్లో పట్టు లేదనుకున్నాను. మణికట్టు నొప్పి పుట్టింది.

"జగిత్యాలకు వో. ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఒక్కటి ఎక్కువ చెప్పకు, ఒక్కటి తక్కువ చెప్పకు."

బస్సులో వెనక అద్దం దగ్గర కూర్చున్నాను. తెల్ల చొక్కా, బైకు, బస్సు వెనకే. బస్సు ఆగితే ఆగింది, కదిలితే కదిలింది. మేడిపల్లి దాటాక చూస్తే లేదు. హమ్మయ్య అనుకున్నాను. మరుక్షణం వెనక అద్దానికి ముఖం ఆనించి చూశాను. నేను తనను ఆ ఇంటికి దూరంగా లాక్కుపోతున్నానని గ్రహించి వెనక్కి తిరిగాడా? కోరుట్లలో నా భార్య ఒక్కతే ఉంది. ఆ గోడల వెనక ఆ బిడ్డ, వెనక నుంచి బైకు వస్తే సగం చప్పుడే వినే బిడ్డ, నా ఆకు కోసం ఎదురు చూస్తూ ఉంది.

ఆఫీసులో, జిల్లాలో ఇట్లాంటి ఇళ్లన్నీ చూసుకునే పెద్ద మేడం ముందు నిలబడ్డాను. పక్కన మా ఉద్యోగిని కూడా ఉంది. నోరు తెరవగానే నా బుద్ధి నన్ను వదల్లేదు.

"మేడం, ఒక ముఠా దిగింది మేడం. నలుగురు మనుషులు, రెండు బండ్లు..."

పెద్ద మేడం పెన్ను పట్టుకుంది. రాయబోయింది. నలుగురి కోసం వెతుకుతూ ఆ ఒక్కణ్ని వదిలేస్తే?

"కాదు మేడం. ఒక్కడే. బండి ఒక్కటే. తప్పు నాది." ఆకు, కార్డు, పానా, చాటన్, అన్నీ చెప్పాను. చెప్పడం అయ్యేసరికి ఆ గదిలో ఎవరూ నా వైపు చూడడం లేదు.

"మీ కార్డు కోసం ఆ బిడ్డ ఆచూకీ అమ్ముకున్నరా తాతా?" అని అడిగింది పెద్ద మేడం.

"అమ్ముకోలే మేడం."

"ఔ. ఊకెనే ఇచ్చిండ్రు."

నా ఫోన్ బల్ల మీద పెట్టించారు. నన్ను ఒక మూల కుర్చీలో కూర్చోబెట్టారు. ఎవరెవరికో ఫోన్లు వెళ్లాయి. మా గల్లీకి కానిస్టేబులమ్మను పంపించారు. ఆ బిడ్డను తీసుకుపోవడానికి ఏ బండి వెళ్లిందో, ఎవరు వెళ్లారో, ఏ దారిన వెళ్లారో ఒక్క ముక్క నా చెవిన పడనియ్యలేదు. సాయంత్రం ఫోన్ చేతికిస్తూ మా ఉద్యోగిని అంది, "పో తాతా. ఆమె గీడ లేదు. గంతే చెప్తం."

"గంతే చాలు" అన్నాను.

కౌన్సిల్ మీటింగులో ఆ కమిటీలోంచి నా పేరు తీసేశారు. చూడ్డానికి పోయేవాళ్లు లోపలివాళ్లతో ఏ ఇచ్చిపుచ్చుకోవడం పెట్టుకోకూడదని తీర్మానం రాశారు. నా వల్ల రాశారని తెలిసినవాళ్లు ముగ్గురే. మిగతావాళ్లకు ఆరోగ్యం బాగాలేక నేనే మానుకున్నానని చెప్పాను. నా భార్య కార్డు పోయింది. ఆ విషయం మేం ఇద్దరం మాట్లాడుకోం.

అతను మళ్లీ వచ్చాడు. ఈసారి ఇద్దరు కులపెద్దలను వెంట తెచ్చాడు. "పెద్దమనిషివి, ఆలుమగలను కలిపితె పుణ్యం" అన్నారు వాళ్లు. నాకు తెలియదన్నాను. ఒట్టు పెట్టాను. నా భార్య మీద ఒట్టు పెట్టాను. అతను తలూపుతూ విన్నాడు.

"కాకా, నువ్వు అబద్ధాలాడుతవని ఊరంత చెప్తున్నరు" అన్నాడు మెల్లగా. "ఎర్కయినప్పుడు చెప్పు. మల్ల అస్త."

వస్తూనే ఉన్నాడు. వారం తప్పి వారం, పండక్కి ముందు, పండగ తరువాత. కానిస్టేబులమ్మ రెండుసార్లు స్టేషనుకు పిలిపించి బెదిరించింది. అక్కడ కూడా చెప్పులు విప్పి లోపలికి వెళ్లాడట. నీళ్లడుగుతాడు, తాగుతాడు, పాన్ డబ్బా దగ్గర నిలబడతాడు. గల్లీలో బైకు ఆగిన ప్రతిసారీ నా భార్య చేతిలో పని ఆగుతుంది.

మొన్న కూరగాయల అంగట్లో ఆ ఇల్లు నడిపే మేడం కనిపించింది. వంకాయలు ఏరుకుంటోంది. నన్ను చూసింది. చూపు తిప్పుకోలేదు. బతికి ఉందా మేడం, చేతులకు పని దొరికిందా, ఆ రెండు మాటలు అడుగుదామని ఆమె దాకా నడిచాను. ఒక్క మాట అంటే ఒక్క మాట. ఏ ఊరని అడగను, బాగుందా అని మాత్రమే.

నా వెనక ఎక్కడో బైకు ఆగిన చప్పుడైంది. ఎవరిదో తెలియదు, తిరిగి చూడలేదు. నేను అడిగితే, ముసలాడని జాలిపడి ఆమె ఏదైనా చెప్పేస్తుందేమో. ఆ చెప్పింది నా కడుపులో ఎన్నాళ్లు ఆగుతుందో నాకు తెలుసు.

"టమాటలు ఎట్లిస్తున్నవే?" అని పక్క తోపుడుబండి అతణ్ని గట్టిగా అడిగాను.